పరపతి: మైనస్ ఒకటి

మన కాలేజీలో ఎవరి సీజీపీఏ ఎంతో ఎవరినడిగినా చెప్తారు. పక్క బెంచీవాడిది రెండో దశాంశం దాకా చెప్తారు. సిబిల్ స్కోరు ఎంత అని అడగండి, "అది ఉద్యోగం వచ్చాక చూసుకునేది కదరా" అంటారు. నన్నడిగితే ఇది తలకిందుల లెక్క. మొదటి ఉద్యోగం వచ్చాక సీజీపీఏని పెద్దగా ఎవరూ అడగరు. సిబిల్‌ని అడగడం మొదలయ్యేది అప్పుడే. పైగా మనలో కొంతమందికి ఆ లెక్క ఇప్పటికే మొదలైపోయింది, మనకి తెలియకుండానే.

సంగతేంటంటే, క్రెడిట్ కార్డుకి అప్లై చేయగానే బ్యాంకు మన పాన్ నంబరు పట్టుకుని ఒక క్రెడిట్ బ్యూరో దగ్గరికి వెళ్తుంది. ఈ మనిషి ఇంతవరకు ఎక్కడెక్కడ అప్పు తీసుకున్నాడు, ఎలా కట్టాడు అని అడుగుతుంది. మన దేశంలో ఇలాంటి బ్యూరోలు నాలుగున్నాయి: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్. 2000లో పుట్టిన సిబిల్ పేరే జనం నోళ్ళలో స్థిరపడిపోయింది, ఏ కంపెనీ మెషీనైనా మనకి జిరాక్సే అయినట్టు. స్కోరు 300 నుంచి 900 దాకా ఉంటుంది. 750 దాటితే భయం లేదని అందరూ అంటారు కానీ అది చట్టంలో గీసిన గీత కాదు. ఇంత స్కోరు ఉంటేనే ఇవ్వాలని రిజర్వ్ బ్యాంక్ ఎక్కడా చెప్పలేదు. ఏ బ్యాంకు గీత దానిదే. స్కోరు ఒక్కటే చూసి కార్డు ఇచ్చేయరు కూడా. జీతం, ఇప్పటికే కడుతున్న ఈఎంఐలు, ఉద్యోగం ఎలాంటిది, అన్నీ చూస్తారు. కానీ తలుపు దగ్గర నిలబడి లోపలికి పంపేదీ, వెనక్కి పంపేదీ స్కోరే.

ఆ స్కోరులో అన్నిటికంటే బరువైనది సమయానికి కట్టామా లేదా అన్నది. రిపోర్టులో నెలకో గడి ఉంటుంది, అలా 36 నెలలు. గడువు దాటి ఎన్ని రోజులైందో ఆ గడిలో రాస్తారు. తర్వాతది యుటిలైజేషన్, తెలుగులో వాడకం అందాం. 20 వేల లిమిట్ కార్డు మీద బ్యాంకు వివరాలు పంపే రోజుకి 18 వేలు బాకీ కనబడితే, నువ్వు వారం తర్వాత మొత్తం కట్టేసినా, ఆ పూటకి "వీడు పీకల దాకా వాడుతున్నాడు" అన్నట్టే లెక్క. ఎంత కాలంగా అప్పులు నడుపుతున్నావు, ఎలాంటి అప్పులు, ఈ మధ్య ఎన్నిచోట్ల అడిగావు అనేవి కూడా కలుస్తాయి. వారంలో నాలుగు బ్యాంకుల్లో అప్లై చేస్తే నాలుగు విచారణలు నమోదై స్కోరు కాస్త దిగుతుంది. మన స్కోరు మనం చూసుకుంటే మాత్రం దిగదు. ఇది తెలియక చూసుకోవడానికే భయపడేవాళ్ళు మా హాస్టల్లో చాలామంది ఉన్నారు.

ఇంతవరకు యూట్యూబ్‌లో ఎవరైనా చెప్తారు. నాకు అభ్యంతరం ఉన్నది అసలు స్కోరే లేనివాళ్ళ విషయంలో. ఎప్పుడూ అప్పు తీసుకోనివాడి రిపోర్టులో స్కోరు ఉండాల్సిన చోట మైనస్ ఒకటి అని ఉంటుంది, లేదా చరిత్ర లేదు అని ఉంటుంది. కోడ్ రాసే మనకి మైనస్ ఒకటి కొత్త కాదు. వెతికినది దొరక్కపోతే ఫంక్షన్ వెనక్కి పంపే అంకె అది. చెడ్డది అని దానర్థం కాదు, కనబడలేదు అని. కానీ బ్యాంకు కౌంటర్ దగ్గరికి వచ్చేసరికి ఈ రెండర్థాలూ ఒకటైపోతున్నాయి.

మా నాన్న జనగామలో ఎలక్ట్రీషియన్. ఇళ్ళకి వైరింగ్ పనులు ఒప్పుకుని చేస్తాడు. వైరు, స్విచ్చులు, బోర్డులు అన్నీ ఒకే షాపులో ఉద్దెరకి తెస్తాడు, పని పూర్తయి ఇంటి ఓనరు డబ్బులిచ్చాక సేటుకి కడతాడు. ఇరవై ఏళ్ళుగా ఇదే నడుస్తోంది. కొన్నిసార్లు ఆ బాకీ లక్ష దాటుతుంది. సేటు ఒక్కసారి కూడా కాగితం మీద సంతకం అడగలేదు. "మీ బాపు మాట అంటే నాకు చెక్కు లెక్క" అని నాతోనే అన్నాడు. చిట్టీలు వేస్తాడు, ఒక్క నెల తప్పలేదు. అవసరానికి చుట్టాల దగ్గర చేబదులు తీసుకుంటాడు, చెప్పిన రోజుకి ఇచ్చేస్తాడు. బ్యాంకులో మాత్రం ఎప్పుడూ లోన్ తీసుకోలేదు. లోన్ లేకుండా బతకడమే ఆయనకి గౌరవం.

కిందటేడు నా లాప్‌టాప్ కోసం ఆయన మొదటిసారి క్రెడిట్ కార్డుకి అప్లై చేశాడు. షాపులో వడ్డీ లేని ఈఎంఐ ఉంది, కానీ కార్డు ఉన్నవాళ్ళకే. తన సేవింగ్స్ ఖాతా పద్నాలుగేళ్ళుగా ఉన్న బ్యాంకులోనే అడిగాడు. మూడో రోజు మెసేజ్ వచ్చింది: మా అంతర్గత నిబంధనల ప్రకారం మీ దరఖాస్తు ఆమోదించలేకపోతున్నాం. బ్రాంచికి వెళ్తే అక్కడున్న సార్ పాపం మంచివాడే, స్క్రీన్ తిప్పి చూపించాడు. మైనస్ ఒకటి. "మీరు ముందు ఏదైనా చిన్న లోన్ తీసుకుని ఉంటే బాగుండేది" అన్నాడు. చివరికి నాన్న లక్ష రూపాయల చిట్టీని మధ్యలోనే 18 వేలకు పాట పాడి ఎత్తాడు. అదే షాపులో నగదు ఇచ్చి కొన్నాం. గచ్చిబౌలిలో ఉద్యోగం చేసే మా బాబాయికి ఇల్లు, కారు, రెండు కార్డుల బాకీ ఉన్నాయి, స్కోరు 781. మూడో కార్డు తీసుకోమని ఆయనకి వారానికోసారి ఫోన్ వస్తుంది. బాబాయి చెడ్డవాడని కాదు, పద్ధతిగా కడతాడు. కానీ నిలువునా అప్పులో ఉన్నవాడికి వడ్డీ లేని డబ్బు, అప్పు లేనివాడికి 18 వేల చిట్టీ నష్టం. ఈ లెక్కని సరైనదని నాకెవరూ నిరూపించలేకపోయారు.

ఇది రాస్తూ క్రెడిట్‌కి తెలుగు మాట ఏంటని వెతికాను. ఒకటో తరగతి నుంచీ ఇంగ్లీష్ మీడియం కాబట్టి నాకు మొదట తట్టింది అప్పే. అమ్మని అడిగితే "పరపతి" అంది. మన ఊళ్ళల్లో ఎరువులిచ్చే సొసైటీ బోర్డు మీద ఉండే మాటే: ప్రాథమిక వ్యవసాయ సహకార పరపతి సంఘం. రిజర్వ్ బ్యాంక్ వడ్డీ రేట్లు మార్చినప్పుడు పేపర్లు రాసే పరపతి విధానం కూడా ఇదే. మరి "ఆయనకి ఊళ్ళో మంచి పరపతి ఉంది" అన్నప్పుడో? అక్కడ అది అప్పు కాదు, నలుగురిలో మాట చెల్లుబాటు కావడం. తెలుగులో ఈ రెంటికీ ఒకటే మాట. సేటు దగ్గర నాన్నకి ఉన్నది ఈ రెండోది. బ్యూరో దగ్గర లేనిది మొదటిది. ఒకదాన్నుంచి ఇంకోదానికి దారి వేయడం ఎవరి పని?

సీఎస్ వాళ్ళకి ఇది తెలిసిన సమస్యే. మెషీన్ లెర్నింగ్ క్లాసులో కోల్డ్ స్టార్ట్ అని చదువుకున్నాం. సినిమాల యాప్‌లో కొత్తగా చేరినవాడికి ఏది నచ్చుతుందో యాప్‌కి తెలియదు. అప్పుడు అది ఏం చేస్తుంది? ఎక్కువమందికి నచ్చే నాలుగు సినిమాలు ముందు పెట్టి, వాడు దేన్ని నొక్కుతాడో చూస్తుంది. "నీ రుచి మాకు తెలియదు, వెళ్ళిపో" అనదు. బ్యాంకుకి రిస్కు ఉంది, సినిమా యాప్‌కి లేదు, ఒప్పుకుంటాను. అయితే దానికి తగ్గట్టు 10 వేల లిమిట్‌తో మొదలుపెట్టొచ్చు కదా?

ఇంకో చిక్కు ఇంతకంటే లోతైనది. అప్పు ఎవరు తీరుస్తారో చెప్పే మోడల్ దేని మీద నేర్చుకుంటుంది? ఇంతకుముందు అప్పు దొరికినవాళ్ళ డేటా మీద. దొరకనివాళ్ళు ఇచ్చి ఉంటే కట్టేవాళ్ళా ఎగ్గొట్టేవాళ్ళా అన్నది ఎప్పటికీ డేటాలోకి రాదు, ఎందుకంటే వాళ్ళకి ఇవ్వనే లేదు. క్రెడిట్ రంగంలో ఈ ఖాళీని అంచనాతో పూడ్చే పద్ధతులకి రిజెక్ట్ ఇన్ఫరెన్స్ అని పేరు కూడా ఉంది. అంటే సమస్య ఉందని మోడల్ రాసేవాళ్ళకి తెలుసు. మా నాన్నలాంటివాళ్ళు పరీక్ష తప్పినవాళ్ళు కాదు, హాల్ టికెట్ ఇవ్వనివాళ్ళు.

అలాగని స్కోరుని ఎత్తేయాలనే వాదన నాది కాదు. అది లేని రోజులు బంగారు రోజులేం కావు. 1956లో అమెరికాలో బిల్ ఫెయిర్ అనే ఇంజనీరు, ఎర్ల్ ఐజాక్ అనే గణితవేత్త కలిసి పెట్టిన కంపెనీయే తర్వాత ఫైకో స్కోరు తెచ్చింది, 1989లో. అంతకుముందు మేనేజరుకి నీ ముఖం నచ్చాలి, నీ పేట నచ్చాలి. 1974లో చట్టం వచ్చేదాకా అక్కడ పెళ్ళైన ఆడవాళ్ళని భర్త సంతకం అడిగిన బ్యాంకులున్నాయి. మన దగ్గర మేనేజరు ఇంటిపేరు విని కుర్చీ చూపించాలా వద్దా అని నిర్ణయించుకునే రోజుల గురించి తాతయ్యలనడగండి, చెప్తారు. అంకెకి కనీసం కులం తెలియదు.

మన సొంత చరిత్రలోనే ఇంకా గట్టి ఉదాహరణ ఉంది. 2010 నాటి మైక్రోఫైనాన్స్ గొడవ. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో ఒకే ఇంటికి రెండు, మూడు కంపెనీలు అప్పులిచ్చాయి. ఒకరిచ్చింది ఇంకొకరికి తెలిసే ఏర్పాటు సరిగ్గా లేదు. ఒక అప్పు తీర్చడానికి ఇంకో అప్పు, వసూలుకి వచ్చినవాళ్ళ ఒత్తిడి, ఆత్మహత్యల వార్తలు. ఆ అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్స్ తేవాల్సి వచ్చింది. ఆ తర్వాతే రిజర్వ్ బ్యాంక్ ఈ కంపెనీలకి కొత్త నిబంధనలు పెట్టి, క్రెడిట్ బ్యూరోల్లో చేరి తీరాలని చెప్పింది. అంటే ఎవరి మీద ఎంత అప్పుందో రాసుకునే పుస్తకం ఒకటి లేకపోతే ఏమవుతుందో మనవాళ్ళు ప్రాణాలతో చూశారు. అందుకే నాకు పుస్తకం మీద కోపం లేదు. అందులో పేరు లేనివాణ్ణి దొంగలా చూడటం మీదే కోపం.

స్కోరు దేన్ని కొలుస్తుందో కూడా ఒకసారి ఆలోచించండి. కార్డు బిల్లు మీద మినిమమ్ డ్యూ అని చిన్న మొత్తం ఉంటుంది, చాలా కార్డుల్లో బాకీలో 5 శాతం దగ్గర. ప్రతి నెలా అదొక్కటే కడుతూ పోతే నీ గడుల్లో ఆలస్యం అని పడదు. మిగతా బాకీ మీద నెలకి 3.5 శాతం అనుకుంటే ఏడాదికి 42 శాతం వడ్డీ నడుస్తుంటుంది. మా ఊళ్ళో నూటికి మూడు రూపాయల వడ్డీ తీసుకునేవాణ్ణి రక్తం తాగుతాడంటారు. వాడకం ఎక్కువ కనబడి స్కోరు కొంత తగ్గొచ్చు కానీ, మునిగిపోతున్నవాడు కూడా టైముకి కట్టేవాడిగానే కనబడతాడు. స్కోరు చెప్పేది అప్పిచ్చినవాడి డబ్బు భద్రమా కాదా అని. నీ బతుకు భద్రమా కాదా అనేది దానికి సంబంధం లేని ప్రశ్న. కార్డు వచ్చిందని స్టేటస్ పెట్టే సీనియర్లకి ఇది ఎవరైనా చెప్తే బాగుండు.

ఇక మన సంగతి. ఎడ్యుకేషన్ లోన్ మీద చదువుతున్నవాళ్ళు మనలో తక్కువేం లేరు. అమ్మో నాన్నో సహ రుణగ్రహీతగా సంతకం పెట్టినా, అది మన పేరు మీద లోన్. మన రిపోర్టులో ఉంటుంది, వాళ్ళ రిపోర్టులోనూ ఉంటుంది. బ్యాంకులు పాటించే మోడల్ స్కీము ప్రకారం కోర్సు ముగిశాక ఏడాది వరకు వాయిదాలు కట్టక్కర్లేదు, వడ్డీ మాత్రం పెరుగుతూనే ఉంటుంది. ఆ ఏడాది దాటాక ఉద్యోగం వచ్చిందా లేదా అని గడి అడగదు. ప్లేస్‌మెంట్లు ఎలా ఉన్నాయో మీకు నేను చెప్పక్కర్లేదు. వాయిదా తప్పేలా ఉంటే తప్పకముందే బ్యాంకుకి వెళ్ళి రాతపూర్వకంగా గడువు అడగడం ఒక్కటే దారి. తొంభై రోజులు తప్పాక వెళ్తే వినేవాడి ముఖం వేరేగా ఉంటుంది. లోన్ ఇచ్చేటప్పుడు కూడా స్కోరు అడ్డం వస్తోంది. 2023లో కేరళ హైకోర్టు ఒక విద్యార్థి కేసులో, సిబిల్ తక్కువన్న కారణంతో విద్యారుణం కాదనకూడదని చెప్పింది. అది కోర్టు దాకా వెళ్ళగలిగిన ఒక్కడికి దొరికింది. మా బ్రాంచిలో ఒకడికి వాళ్ళ నాన్న ఎప్పుడో కార్డు బాకీని కొంత తగ్గించుకుని సెటిల్‌మెంట్ చేసుకున్నందుకు లోన్ ఐదు నెలలు ఆగింది, ఆ సెమిస్టరు ఫీజు వాళ్ళ అత్త గాజులు కట్టాయి. సెటిల్డ్ అనే మాట వినడానికి బాగుంటుంది, రిపోర్టులో మాత్రం పూర్తిగా కట్టలేదు అనే దానర్థం.

ఎమ్మెస్‌కి వెళ్ళేవాళ్ళు ఇంకోటి గుర్తుపెట్టుకోండి. ఇక్కడ 800 ఉన్నా అక్కడి బ్యూరోలో మీరు మళ్ళీ ఎవరూ కాదు. డల్లాస్‌లో దిగిన మా కజిన్ అపార్ట్‌మెంట్ అద్దెకి తీసుకోవడానికే ఇబ్బంది పడింది, ముందు డిపాజిట్ కట్టి సెక్యూర్డ్ కార్డు తీసుకుని ఒకటి నుంచి మొదలుపెట్టింది. నాన్న పరిస్థితి ఆమెకి అప్పుడు అర్థమైందట.

రూల్స్ మనవైపు లేవని కాదు. మొదటిసారి అప్పు అడిగేవాళ్ళని చరిత్ర లేదన్న ఒక్క కారణంతో తిరస్కరించొద్దని రిజర్వ్ బ్యాంక్ 2025 జనవరిలో ఇచ్చిన మాస్టర్ డైరెక్షన్‌లో ఉంది. ఆగస్టులో లోక్‌సభలో ఆర్థిక శాఖ కూడా దీన్నే గుర్తుచేసింది. కార్డు ఇవ్వకపోతే నిర్దిష్టమైన కారణం రాసి చెప్పాలని 2022 నాటి కార్డుల నిబంధనల్లో ఉంది. "అంతర్గత నిబంధనలు" అనేది నిర్దిష్టమైన కారణమా? క్యాంటీన్లో "సామాను అయిపోయింది" అన్నంత నిర్దిష్టం కూడా కాదు. నేను కోరేది కొత్త చట్టం కాదు, ఉన్న ఈ రెండు వాక్యాల్ని బ్యాంకులు నిజంగా పాటించడం. మైనస్ ఒకటి వచ్చినప్పుడు సాఫ్ట్‌వేర్ దాన్ని తక్కువ స్కోరుగా తీసుకుని తోసేయకుండా, వేరే దారిలోకి, ఒక మనిషి చూసే దారిలోకి పంపాలి. ఒక ఇఫ్ ఎల్స్ పని అది.

ఆ దారిలో చూడటానికి డేటా కూడా ఉంది. 2021 నుంచి అకౌంట్ అగ్రిగేటర్ ఏర్పాటు నడుస్తోంది, మన అనుమతితో మన ఖాతా లావాదేవీల్ని బ్యాంకు చూడొచ్చు. నాన్న ఖాతాలో పనుల తాలూకు యూపీఐ చెల్లింపులు, సేటుకి వెళ్ళిన డబ్బు, చిట్టీ వాయిదాలు నెలనెలా ఉన్నాయి. అదే చరిత్ర కాదా? ఇక్కడ నాకే ఒక భయం ఉంది. రేపు మనం తాగిన ప్రతి చాయ్‌కీ మార్కులు పడే రోజు వస్తే? కాబట్టి ఇది అడిగినవాళ్ళకి మాత్రమే, చరిత్ర లేనివాళ్ళకి మాత్రమే ఉండాలని నా పట్టు. అందరికీ తప్పనిసరి చేస్తే నేను అవతలి పక్షంలో ఉంటాను.

అంతవరకు చేతిలో ఉన్నది ఒకటే దారి. ఫిక్స్‌డ్ డిపాజిట్ వేసి దాని మీద కార్డు తీసుకోవడం. డిపాజిట్‌లో ఎక్కువ భాగం లిమిట్‌గా ఇస్తారు, జీతం స్లిప్పు సాధారణంగా అడగరు. మన డబ్బుని మనకే అప్పుగా ఇచ్చి నమ్మకం నేర్పడం నాకు నవ్వొచ్చే విషయమే. అయినా నాన్నతో 20 వేలు వేయించాను. మొబైల్ రీచార్జి ఒక్కటే దాని మీద చేస్తున్నాం, బిల్లు రాగానే మొత్తం కడుతున్నాం.

మీరు మాత్రం ముందు మీ రిపోర్టు తీయండి. ప్రతి బ్యూరో ఏడాదికి ఒక పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి, పాన్ నంబరు, ఫోన్‌కి వచ్చే ఓటీపీ చాలు. తప్పు కనబడితే ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో తేల్చకపోతే ఆ తర్వాత రోజుకి 100 రూపాయలు మనకి ఇవ్వాలని 2024 ఏప్రిల్ నుంచి నిబంధన ఉంది. మొన్న ఆదివారం మా వింగ్‌లో నలుగురం కూర్చుని తీశాం. ఇద్దరికి మైనస్ ఒకటి. ఒకడికి ఎడ్యుకేషన్ లోన్, అంతా సరిగ్గానే ఉంది. నాలుగోవాడికి అప్పులే లేవన్నాడు. రిపోర్టులో ఒకటి ఉంది: బిర్యానీ ఆర్డర్లప్పుడు యాప్‌లో తర్వాత కట్టు అని నొక్కింది, బాకీ 1,140 రూపాయలు, గడువు దాటి 41 రోజులు. అది లోన్ అని వాడికి తెలియదు. అక్కడే కూర్చుని కట్టేశాడు. గడిలో 41 మాత్రం అలాగే ఉంది.